డూప్లికేట్ అని నేను తీసేసిన సంవత్సరం

2023 ఎండాకాలం. రాయదుర్గం మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే ఒక అద్దాల బిల్డింగ్ వస్తది, దాంట్ల ఆరో ఫ్లోర్ మా ఆఫీస్. పెద్ద కంపెనీ ఏం కాదు, డెబ్బై మందిమి. నేను బిజినెస్ అనలిస్ట్‌ను. కోడ్ రాసే పని కాదు నాది. క్లయింట్‌కు ఏం కావాల్నో విని, కోడ్ రాసెటోళ్లకు సమజయ్యేటట్టు రాసియ్యాలె. అంటే సగం పని వినుడే. నాకు అదే రాకపోతుండె. ఎదుటోళ్లు రెండో వాక్యం మొదలుపెట్టంగనే నాకు మొత్తం తెలిసిపోయిందనిపిస్తుండె, చెయ్యి ఫోన్ మీదికి పోతుండె.

అప్పుడు చేసిన ప్రాజెక్ట్ ఒక ప్రభుత్వ శాఖది. పేరు వద్దు. వాళ్ల సీనియర్ ఆఫీసర్ల రిజిస్టర్ అంతా ఆన్‌లైన్ చెయ్యాలె. ఎవరు ఏ సర్వీస్, ఏ గ్రేడ్, ఎవరి కంటే ఎవరు సీనియర్. దానికితోడు ఒక ఫీచర్ అడిగిన్రు: ఏదన్న పనికి ఆఫీసర్ కావాలంటే, ఆ పనికి అర్హత ఉన్న మూడు పేర్లు సిస్టమే చూపియ్యాలె. కమిటీకైనా, ఇన్‌ఛార్జికైనా, ఎంక్వయిరీకైనా.

నాకైతే అల్కటి పని అనిపించింది. మా ఆఫీసుల కూడ లెవెల్స్ ఉంటయి. నేను ఎల్ త్రీ, మా డెలివరీ మేనేజర్ చైతన్య అన్న ఎల్ సిక్స్. అప్రైజల్ వస్తే నంబర్ మారుతది, ఈమెయిల్ కింద పదవి పేరు మారుతది, అంతే. ఎవ్వరు ఎవ్వర్ని సార్ అనరు. గవర్నమెంట్ల కూడ గట్లనే ఒక నంబర్ ఉంటది, దాన్నిబట్టి వరుసల పెడితే అయిపోతది అనుకున్న.

శాఖ తరఫున మా దగ్గరికి వచ్చేటాయన సుబ్రహ్మణ్యం గారు. సెక్షన్ ఆఫీసర్. సర్వీస్ సంగతులు చూసే సెక్షన్ ఆయనది. ముప్పై మూడేండ్ల సర్వీసు. గోదావరి జిల్లాల పుట్టిన మనిషి, ఎన్నేండ్లు హైదరాబాద్‌ల ఉన్నా మాట మారలే. లక్డీకాపూల్‌ల మెట్రో ఎక్కి వారానికి రెండుసార్లు వస్తుండె. వచ్చినప్పుడల్లా సంచిల నుంచి ఒక లావు పుస్తకం తీసి బల్ల మీద పెడుతుండె. ఆఫీసర్లందరి పేర్లు సీనియారిటీ వరుసల ఉండే పుస్తకం అది, సివిల్ లిస్ట్ అంటరు.

మొదటిరోజే అడిగిన. "అంకుల్, కలెక్టర్ పెద్దనా, డైరెక్టర్ పెద్దనా? అది చెప్పుండ్రి, టేబుల్ల ఏసుకుంట."

"అలా చెప్పలేమండి. కలెక్టరన్నది కుర్చీ. గ్రేడన్నది మనిషిది."

"అంటే ఒక్క కుర్చీలనే ఇయ్యాల చిన్నాయన, రేపు పెద్దాయన కూసుంటరా?"

"శుభ్రంగా కూర్చుంటారు. మొన్నటిదాకా మా పక్క శాఖలో సెక్రటరీ గారుండేవారు. ఇప్పుడదే గదిలో ప్రిన్సిపల్ సెక్రటరీ గారున్నారు. బల్ల అదే, కుర్చీ అదే. తలుపు మీద బోర్డు మారిందంతే."

తర్వాత గ్రేడ్లు చెప్పిండు. కొత్తగ వచ్చినోళ్లది జూనియర్ స్కేల్. నాలుగేండ్లకు సీనియర్ స్కేల్. తొమ్మిదేండ్లకు జూనియర్ అడ్మినిస్ట్రేటివ్ గ్రేడ్, పదమూడేండ్లకు సెలెక్షన్ గ్రేడ్. పదహారేండ్లకు సూపర్ టైమ్ స్కేల్, అంటే సెక్రటరీ స్థాయి. ఇరవై అయిదేండ్లకు ప్రిన్సిపల్ సెక్రటరీ, ముప్పై ఏండ్లకు స్పెషల్ చీఫ్ సెక్రటరీ. అందరి మీద చీఫ్ సెక్రటరీ ఒక్కరు. ఆ కుర్చీల కొన్నిసార్లు సర్వీస్‌ల తన కంటే సీనియర్లున్న ఆఫీసర్ కూడ కూసుంటడట.

"మరి సీనియర్లు ఏం జేస్తరు అంకుల్? సలాం కొడతరా?"

"నమస్కారం పెడతారు. ఇంటికెళ్లి ఏమనుకుంటారో నాకు తెలీదండి."

అప్పటిదాక బాగనే నవ్వుకున్నం. ఆయన గంటలు గంటలు చెప్తుంటే మెల్లగ నాకు విసుగు మొదలైంది. ఒక్కో గ్రేడ్‌కు ఒక కథ, ఒక్కో పేరుకు ఒక ఫైల్. నేను తలకాయ ఊపుకుంట బల్ల కింద రీల్స్ చూసుకుంటుంటి. ఆయనకు కనపడకపోలేదు. అయినా చెప్పుడు ఆపలే.

ఆయన పంపిన ఎక్సెల్ షీట్ల రెండు కాలమ్‌లు ఉండె. ఒకటి సర్వీస్‌ల చేరిన సంవత్సరం. రెండోది ఇయర్ ఆఫ్ అలాట్‌మెంట్, అంటే ఆ ఆఫీసర్‌ను ఏ బ్యాచ్‌ల లెక్కపెట్టాల్నో ప్రభుత్వం ఖాయం చేసిన సంవత్సరం. నేను పైనుంచి కిందికి స్క్రోల్ చేసిన. 2014, 2014. 2016, 2016. నలభై పేర్లు చూసిన, రెండు కాలమ్‌ల ఒక్కటే అంకె. మా దాంట్ల ఒకే సంగతిని రెండుచోట్ల పెడితే తప్పు కింద లెక్క. రేపు ఒకచోట మార్చి ఇంకోచోట మరిచిపోతే గడబిడ అయితదని. రెండో కాలమ్ డూప్లికేట్ అని రాసి, తీసెయ్యమని డెవలపర్లకు చెప్పిన. చేరిన సంవత్సరం మీదనే వరుస కట్టమన్న.

ఆ షీటుకు కింద రెండో ట్యాబ్ ఉన్నది. దాని మీద 'ప్రమోటీలు' అని ఉన్నది. దాన్ని నేను తెరవలే.

డిజైన్ చూసి సుబ్రహ్మణ్యం గారు వాట్సాప్‌ల వాయిస్ నోట్ పెట్టిండు. రెండు నిమిషాల నలభై సెకన్లు. కింద టీ కొట్టు దగ్గర నిలబడి డబల్ స్పీడ్‌ల సగం విన్న. ఆ కాలమ్ ఉంచమంటున్నడని సమజైంది. ఎందుకు ఉంచాల్నో చెప్పే సగం వినలే. "బ్యాకెండ్ల ఉంటది అంకుల్, ఫికర్ చెయ్యకుండ్రి" అని టైప్ చేసి, కింద బొటనవేలు బొమ్మ పెట్టిన.

బ్యాకెండ్ అంటే తెర వెనక డేటా ఉండే జాగ. క్లయింట్ అక్కడికి పోయి చూడలేడు. అందుకే ఆ మాట మాకు మస్తు అక్కరకొస్తది. ఆ కాలమ్ అక్కడ ఉన్నదో లేదో చూసి చెప్పిన మాట కాదది. మాట బంద్ చేయించే మాట.

ఆయన నమ్మిండు. నెలకు యూఏటీ అయింది. యూఏటీ అంటే మేం చేసింది క్లయింటే వాడి చూసి, సరిగ్గున్నదని సంతకం పెట్టే ఘట్టం. ఆయన పరీక్ష చేసింది నేనిచ్చిన పేర్లతోనే. అవే నలభై. అన్నీ సరిగ్గ వచ్చినయి. సంతకం పెట్టిండు. ఇగ నుంచి ఫైల్‌ల చేతిరాత లిస్టులు, పుస్తకం కాపీలు పెట్టొద్దు, సిస్టమ్ ఇచ్చిన ప్రింటే పెట్టాలె అని వాళ్ల శాఖల సర్క్యులర్ కూడ పోయింది.

మూడు నెలలకు చైతన్య అన్న నా సీటు దగ్గరికి వచ్చిండు. అనంతపురం మనిషి, కోపమొచ్చినా గొంతు పెంచడు. "ఏమప్పా నిఖితా, ఆ సీనియారిటీ లాజిక్ నువ్వే కదా రాసింది? క్లయింట్ సైడ్ పెద్ద గొడవ అయి ఉండాది. చూడు ఒకసారి."

గొడవేందంటే, రాజ్యలక్ష్మి అని ఒక ఐఏఎస్ ఆఫీసర్ ఉన్నది. పాత భూమి రికార్డు ఒకదాన్ని సరిచేస్తూ ఎన్నడో ఇచ్చిన ఆర్డర్ మీద ఆమెకు ఎంక్వయిరీ ఏసిన్రు. ఆ ఆర్డర్‌ల ఆమె తప్పు ఉన్నదో లేదో అప్పుడు నాకు తెల్వదు, ఇప్పుడూ తెల్వదు. కానీ ఎంక్వయిరీకి ఒక రూల్ ఉన్నది. ఎవరి మీద ఎంక్వయిరీయో వాళ్ల కంటే సీనియరే అది చెయ్యాలె. మా సిస్టమ్ మూడు పేర్లు ఇచ్చింది. సర్క్యులర్ చెప్పినట్టే, పుస్తకంతోని పోల్చకుండ, సుబ్రహ్మణ్యం గారి సెక్షన్ ఆ ప్రింట్ పెట్టి ఫైల్ పైకి పంపింది. మొదటి పేరు ఖాయమై ఆర్డర్ పోయింది.

ఆమె ఆర్డర్ తెరిచి చూస్తే, తనను విచారించేది తన కంటే మూడేండ్లు జూనియర్. కొత్తగ సర్వీస్‌కొచ్చి జిల్లాల ట్రైనింగ్ చేసినప్పుడు ఆయన పని నేర్చుకున్నది ఈమె దగ్గరనేనట.

ఆమె పైకి రాసింది. సెక్షన్ ఆఫీసర్ కావాలనే నా సీనియారిటీని దాచిపెట్టి జూనియర్ ముందు నిలబెట్టిండు, చర్య తీసుకోవాలె అని. సుబ్రహ్మణ్యం గారికి మెమో వచ్చింది, పది రోజుల్ల జవాబియ్యమని. ఆయన రిటైర్మెంట్‌కు ఏడు నెలలే ఉన్నది. జవాబు సరిపోలేదంటే ఆయన మీదనే కేసు నడుస్తది, ముప్పై మూడేండ్లల ఒక్క మెమో లేని మనిషి కేసుతోని దిగిపోవాలె.

తప్పు పట్టుకోనీకి నాకు పది నిమిషాలు కూడ పట్టలే. రెండో ట్యాబ్ తెరిస్తే కనపడ్డది. పదకొండు పేర్లు. ప్రతి పేరు పక్కన రెండు కాలమ్‌ల రెండు వేర్వేరు సంవత్సరాలు. రాజ్యలక్ష్మి గారి పేరు పక్కన 2019, 2011. మేం ఉంచింది 2019. జూనియర్ ఆయనది 2014. మా సిస్టమ్ లెక్కల ఆయనే సీనియర్.

చైతన్య అన్నకు ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన స్క్రీన్ దిక్కు చూసిండు.

"యూఏటీ సంతకం ఉండాది కదా?"

"ఉన్నది అన్నా."

"ఇంకేమి మరి? డాక్యుమెంట్‌లో ఆ కాలమ్ లేదు. ఆయన చూసినాడు, సంతకం పెట్టినాడు. మన మెడకెందుకు చుట్టుకోవల్ల?"

నిజం చెప్పాలె. ఆ మాటకు నాకు పానం నిమ్మలమైంది. రెండు రోజులు సుబ్రహ్మణ్యం గారి ఫోన్ వస్తదేమోనని భయపడ్డ. రాలే. రాకపోతే ఇంక కోపమొచ్చింది. తిట్టొచ్చు కద ఈ మనిషి, ఎందుకు తిడతలేడని.

మూడోరోజు ఆమెనే మా ఆఫీసుకొచ్చింది. ఎంక్వయిరీ పడ్డంక ఆమెను శేరిలింగంపల్లి దిక్కు ఒక ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపిన్రు. ఆ పేర్లు ఎట్ల వచ్చినయో కంపెనీ వివరంగ చూపియ్యాలె అని శాఖ చెప్తే, పక్కనే కదా నేనే వస్త అన్నదట. సుబ్రహ్మణ్యం గారిని కూడ రమ్మన్నరు. మీటింగ్ రూమ్‌ల నలుగురమే. ఆమె, ఆయన, చైతన్య అన్న, నేను.

యాభై ఆరు, యాభై ఏడేండ్లు ఉంటయి. నేత చీర, చేతిల ఒక ఫైల్. మా వాళ్లు తెచ్చిన కాఫీ ముట్టలే.

"నా పేరు కొట్టు" అన్నది. కొట్టిన. వివరాలు వచ్చినయి. 2019.

"నేను డిప్యూటీ కలెక్టర్‌గ చేరిన సంవత్సరం ఇందుల ఏది?"

"అది స్టేట్ సర్వీస్ కద మేడమ్. ఇది ఐఏఎస్‌ల చేరింది."

"స్టేట్ సర్వీస్‌ల నేను పండుకున్ననా ఇరవై ఏండ్లు?"

 ఆమెనే చెప్పింది. డైరెక్ట్‌గ ఐఏఎస్ పరీక్ష రాసి వచ్చినోళ్లకు చేరిన సంవత్సరం, అలాట్‌మెంట్ సంవత్సరం ఒకటే ఉంటది. గ్రూప్ వన్ రాసి, డిప్యూటీ కలెక్టర్‌గ చేసి, చివరికి ఐఏఎస్‌లకు తీసుకున్నోళ్లకు అట్ల కాదు. పాత సర్వీస్‌ల కొంత భాగం లెక్కగట్టి, అన్ని సంవత్సరాలు వెనక్కి జరిపి అలాట్‌మెంట్ ఇస్తరు. ఆమెను తీసుకున్నది 2019ల. ఇచ్చిన సంవత్సరం 2011. అదే సంవత్సరం డైరెక్ట్‌గ వచ్చినోళ్లు మళ్ల ఆమె కంటే పైనే ఉంటరు. దానికి ఆమెకు అభ్యంతరం లేదు, రూల్ అది.

"ఎనిమిదేండ్లు. ఇరవై ఏండ్ల చాకిరీకి సర్కారు ఇచ్చింది ఆ ఎనిమిదేండ్లే. అవి ఏడ పోయినయి?"

చైతన్య అన్న గొంతు సవరించుకున్నడు. "మేడమ్, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ ప్రకారమే చేసినాం. డిపార్ట్‌మెంట్ సైన్ ఆఫ్ కూడా ఉండాది."

"సంతకం ఎవరిది?"

తెర మీద ఆ పేజీ పెట్టిండు. కింద సుబ్రహ్మణ్యం గారి సంతకం, పొడుగ్గ, ప్రతి అక్షరం కనపడేటట్టు.

ఆమె ఆయన దిక్కు తిరిగింది. "సుబ్రహ్మణ్యం గారూ, నా అలాట్‌మెంట్ ఇయర్ మీకు తెల్వదా?"

"తెలుసండి. రెండు వేల పదకొండు."

"తెలిసే చేసిన్రు."

ఆయన తెర మీదున్న సంతకం దిక్కు తిరిగిండు.

"నా ప్రమోషన్ ఫైల్ నాలుగేండ్లు మీ సెక్షన్లనే ఉండె. అప్పుడూ మీరే. ఇప్పుడూ మీరే."

"పొరపాటు జరిగిందండి."

"ఎప్పుడు జరిగినా ప్రమోటీ మీదనే పడతది ఈ పొరపాటు. డైరెక్టోళ్ల మీద ఒక్కసారన్న పడతదా?"

నేను ఆయన మొఖం చూస్తున్న. వాయిస్ నోట్ పెట్టిన అని చెప్తడు, ఇప్పుడు చెప్తడు అని. చెప్పలే. చేతులు బల్ల మీద పెట్టుకుని, తన సంతకం దిక్కే చూస్తుండు. ఇగ నేను ఆగలేకపోయిన.

"ఆయన ఎందుకు పడాలె మేడమ్? కాలమ్ తీసేసింది నేను."

నా చేతిల ఫోన్ వణికింది. బల్లకు అవతల కూసున్న చైతన్య అన్న మెసేజ్: మాట్లాడొద్దు. దాన్ని పక్కకు జరిపి వాట్సాప్ తెరిచిన. నాలుగు నెలల వెనక్కి స్క్రోల్ చేసి, ఆ వాయిస్ నోట్ స్పీకర్ల పెట్టిన. రెండు నిమిషాల నలభై సెకన్లు నలుగురం విన్నం. మొత్తం వినుడు నాకూ అదే మొదటిసారి.

"అమ్మా, నమస్తే. అలాట్‌మెంట్ కాలమ్ తీసేశారని చూశాను. అది తియ్యకండి. మొదటి ట్యాబ్‌లో రెండూ ఒకేలా ఉంటాయి, నిజమే. రెండో ట్యాబ్ చూడండి. ప్రమోషన్ మీద వచ్చినవాళ్లకి ఆ సంవత్సరమే ప్రాణం. రాజ్యలక్ష్మి గారని ఒకావిడున్నారు, ఆవిడ పేరు పెట్టి పరీక్ష చెయ్యండి, తేడా తెలిసిపోతుంది. ఆ సంవత్సరం కోసం ఆవిడ చాలా కష్టపడ్డారమ్మా..."

తన పేరు వినపడంగనే మేడమ్ చెయ్యి ఫైల్ మీదనే ఆగింది. నోట్ అయిపోయినంక ఫోన్ ఇటియ్యమన్నది. దాని కింద నేనిచ్చిన జవాబు చదివింది.

"బ్యాకెండ్ల ఉన్నదా?"

"లేదు మేడమ్."

"అప్పుడు చూసే చెప్పినవా?"

"లేదు."

"మరి ఎందుకు చెప్పినవ్?"

 ఉన్నదే చెప్పిన. "విసుగొచ్చింది మేడమ్."

చైతన్య అన్న కండ్లు మూసుకున్నడు. ఆమె తిడతదనుకున్న. తిట్టలే. ఫోన్ మెల్లగ బల్ల మీద పెట్టింది.

"ఇన్నేండ్ల సంది నా మీద ఎవరు కుట్ర చేస్తున్నరా అని చూస్తున్న. డైరెక్ట్ రిక్రూట్లా, పక్క జిల్లావోళ్లా, కులంవోళ్లా. ఎవరికో విసుగొచ్చి ఉంటదని ఒక్కసారి కూడ తట్టలే నాకు."

ఆమె ఫైల్ దగ్గరికి జరుపుకున్నది. తర్వాత ఆమెనే అడిగింది, "ఇది కాయితం మీద రాసిస్తవా?"

"రాసిస్త మేడమ్."

రాసుడు అంత అల్కగ కాలే. చైతన్య అన్న నా డ్రాఫ్ట్ తీసుకుని, 'డేటా మ్యాపింగ్‌లో అనుకోకుండా ఏర్పడిన తేడా' అని మార్చిండు. దాన్ని చదివినోళ్లకు ఎవరు ఏం చేసిన్రో తెల్వదు, అది అందుకే ఉంటది. నేను ఫ్లోర్ల అందరి ముందర గొడవ పెట్టుకున్న. "గిట్లనే పంపితే ఆ వాయిస్ నోట్ నేనే వాళ్ల శాఖకు పంపుత" అన్న. అట్ల అనుడు బెదిరింపే, ఒప్పుకుంట. చివరికి నాలుగు సాదా వాక్యాలు పోయినయి. క్లయింట్ ఆ కాలమ్ అడిగిండు. అనలిస్ట్ తీసేసింది. ఉన్నదని చెప్పింది. చెప్పింది తప్పు.

వారంల నన్ను ప్రాజెక్ట్‌ల నుంచి తీసేసిన్రు. ఆ ఏడు అప్రైజల్‌ల ఎల్ త్రీ ఎల్ త్రీగనే ఉండిపోయింది. కాలమ్ మళ్ల పెట్టిన్రు, పదకొండు పేర్లు తమ తమ జాగలకు పోయినయి. రాజ్యలక్ష్మి గారి ఎంక్వయిరీకి సెక్రటరీ స్థాయి ఆఫీసర్‌ను ఏసిన్రు. దాంట్ల చివరికి ఏం తేలిందో నేను అడగలే. అది నా పని కాదు.

సుబ్రహ్మణ్యం గారి మెమో మీద నెల దాక ఏ కబురు లేదు. ఒక మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేసిండు, కింద ఉన్న రండి అని. దిగి పోతే టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నడు. ప్లాస్టిక్ ఫోల్డర్ల రెండు కాయితాలు. ఒకటి మెమో ముగించిన ఆర్డర్. తదుపరి చర్య అవసరం లేదు, అని ఒక్క లైన్.

"ఆరోజు మీరెందుకు చెప్పలే అంకుల్, వాయిస్ నోట్ పెట్టిన అని?" అడిగిన. చాన రోజుల సంది అడగాలనుకున్న మాట.

"సంతకం నాదే కదమ్మా. చిన్నపిల్ల చెప్పింది, నేను నమ్మానండి అని చెప్పడానికా ముప్పై మూడేళ్లు పనిచేసింది?"

"మరి ఆమె ఫైల్ నాలుగేండ్లు మీరు ఆపిన్రన్నది. అదన్న నిజమా?"

ఆయన నవ్విండు. "ఢిల్లీ నుంచి జవాబు రాకపోతే ఆగిపోయింది. నేను పదకొండు రిమైండర్లు తయారు చేశాను. అవి ఆవిడకి తెలీవు. రిమైండర్ మీద నా సంతకం ఉండదు, పైవాళ్లది ఉంటుంది. యూఏటీ కాగితం మీద మాత్రం నాది ఉంటుంది."

ఆయన ఎంత మామూలుగ చెప్పిండంటే, నాకు కోపం తెచ్చుకోనీకి కూడ సందు దొరకలే.

రెండో కాయితం తీసిచ్చిండు. రాజ్యలక్ష్మి గారి లెటర్‌హెడ్. మధ్యల టైప్ చేసిన మూడు లైన్లు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నట్టు, అలాట్‌మెంట్ సంవత్సరం సంగతి ఆయన ముందే హెచ్చరించినట్టు తనకు తెలిసిందని. క్షమించమన్న మాట ఎక్కడ లేదు.

"గింతేనా? సారీ కూడ చెప్పలే ఆమె!" అన్న.

"పైన చూడండమ్మా."

పైన 'డియర్ సుబ్రహ్మణ్యం గారూ' అని పెన్నుతోని రాసి ఉన్నది, పచ్చ ఇంకుతోని. కింద కూడ అట్లనే చేతితోని 'మీ', దాని కింద సంతకం.

ఆయన చెప్పిండు. దీన్ని డీఓ లెటర్ అంటరు. ఒక ఆఫీసర్ ఇంకో ఆఫీసర్‌కు, ఫైల్ దారి పక్కకు పెట్టి, పేరు పెట్టి రాసే ఉత్తరం. పిలుపు, సంతకం టైప్ చెయ్యరు, సొంత చేతితోని రాస్తరు. సమానమైనోళ్ల మధ్య నడుస్తది, లేకుంటే ఒకటి రెండు మెట్ల తేడా ఉన్నోళ్ల మధ్య. సెక్షన్ ఆఫీసర్‌కు ఏదన్న చెప్పాలంటే మెమో రాస్తరు, లేకపోతే ఎవరితోనన్న చెప్పి పంపుతరు. ఆయన ఇన్నేండ్లల ఎన్నో డీఓ లెటర్లు పైవాళ్ల కోసం తయారు చేసి, మధ్యల టైప్ కొట్టి, పైనా కిందా జాగ ఖాళీ ఉంచి పంపిండు. తన పేరు మీద ఒక్కటి రాలే. ఇదే మొదటిది.

"ఇంతకంటే ఆవిడ ఏం రాస్తారమ్మా" అన్నడు. కాయితం నా చేతుల నుంచి తీసుకుని, మడత పడకుండ ఫోల్డర్ల పెట్టుకున్నడు. అయిదు నెలలకు రిటైర్ అయిండు, ఏ కేసు లేకుండ.

నేను ఇప్పుడు వేరే కంపెనీల ఉన్న, కోకాపేట దిక్కు. పని అదే. కోపం తగ్గిందని చెప్పను. కానీ ఒక అలవాటు అయింది. ఏ షీట్ల అయినా రెండు కాలమ్‌లు ఒకేతీరు కనపడితే, ఇవి వేరుగున్న మనిషి ఎవరు అని అడుగుత. ఎవ్వరు లేరంటే మళ్లోసారి అడుగుత. నలభై మందికి ఒక్కటే ఉండొచ్చు. ఆ కాలమ్ పెట్టింది మాత్రం నలభై ఒకటో మనిషి కోసం. ఆ మనిషి పేరు తెలుసుకుని, ముందు ఆ పేరు కొట్టి చూస్త. మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతనే.